జింకకు సున్నం చుక్కలు

ఒకప్పుడు జింక ఒంటిమీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. ఎండుటాకు రంగులో నున్నగా ఉండేది.

ఆ రోజుల్లో అడవిలో పెద్ద చదువు చెప్పేది ఏనుగు పంతులమ్మ. కొండముచ్చు పిల్ల పైడి ఆ చదువు చివరికొచ్చింది. ఇక సొంతంగా ఒక పరిశోధన చేసి చూపించాలి.

"మేం తగ్గిపోతున్నాం, ఏటి ఒడ్డు గడ్డి మాకు వదిలేయండి అని జింకలు రోజూ నా చెవిలో ఏడుస్తున్నాయి," అంది ఏనుగు. "నిజంగా తగ్గితే మా ఏనుగులం ఆ గడ్డి ముట్టం. నిజమో కాదో నువ్వే తేల్చు. నన్నేమీ అడక్కు."

పైడికి తెలివి ఎక్కువే. మతిమరుపు ఇంకా ఎక్కువ. లెక్కపెట్టిన జింకనే మళ్ళీ లెక్కపెట్టకుండా ఒక ఉపాయం ఆలోచించింది. సున్నంలో తుమ్మజిగురు కలిపి, లెక్కలోకి వచ్చిన ప్రతి జింకకూ ఒక చుక్క పెట్టింది.

తెల్లారేసరికి అంకె మర్చిపోయింది. తల గోక్కుని, మొదటినుంచీ మొదలుపెట్టింది.

"నాకు నిన్ననే పెట్టావే పిల్లా," అంది ముసలి జింక.

"నీ మాట పట్టుకుంటే అది నీ పరిశోధన అవుతుందత్తా. కదలకు."

రోజూ ఇదే తంతు. పాత చుక్క పక్కన కొత్త చుక్క. వీపులు నిండాయి, డొక్కలు నిండాయి.

ఒకరోజు ఏనుగు వచ్చింది. జింకలను చూసి చెవులు ఆడించడం ఆపేసింది.

"ఇవేం ముగ్గులే పైడీ? జింకలెన్ని?"

"లెక్క తప్పింది పంతులమ్మా. రోజూ మర్చిపోయి మళ్ళీ మొదలెట్టాను."

జింకలు బిక్కమొహాలు వేశాయి. గడ్డి పోయినట్టే.

వాటి మొహాలు చూడలేక పైడి చుక్కల వంక చూసింది. చూస్తూ చూస్తూ తల ఎత్తింది.

"అడవంతా తిరిగాను పంతులమ్మా. ఏ మూలకెళ్ళినా చుక్కలున్న జింకే ఎదురైంది. చుక్కలేని కొత్త జింక ఒక్కటీ రాలేదు. జింకలు ఎక్కువుంటే వీటి ఒంటిమీద ఇన్ని చుక్కలు పడేవా?"

ఏనుగు చాలాసేపు తొండం ఊపింది. "అయితే ఉన్నవి ఇవేనన్నమాట," అంది మెల్లగా. ఆ రోజే ఏనుగులు ఏటి ఒడ్డు వదిలి కొండెక్కాయి.

"రా అత్తా, ఏట్లో కడిగేస్తాను," అంది పైడి.

ముసలి జింక వెనక్కి జరిగింది. "వద్దే తల్లీ. చుక్కలు పోతే రుజువు పోతుంది. రుజువు పోతే గడ్డి పోతుంది. పైగా నువ్వు మళ్ళీ మొదలుపెడతావు."

అప్పటినుంచే జింక ఒళ్ళంతా తెల్ల చుక్కలు. పిల్లలు కూడా చుక్కలతోనే పుడతాయి. పుట్టీపుట్టగానే తల్లి వాటి ఒళ్ళంతా నాకి చూసుకుంటుంది, ఒక్క చుక్కయినా ఊడిపోతుందేమోనని.