మడమ దగ్గర నాలుగు మరలు

"అయితే నాలుగు మరలూ వాటంతటవే వదులైపోయాయంటారా, గురువుగారూ?"

రించెన్ గురువు గిన్నెలో టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

శిష్యుడు ఫుంచోక్ తన స్కీ చెక్క తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మంచు మీద జారుతూ పోవడానికి కాళ్ళకి తగిలించుకునే పొడుగాటి చెక్క అది. బూటు మడమని దానికి అదిమిపట్టడానికి ఒక ఇనప పట్టా ఉంటుంది. ఆ పట్టాని నాలుగు మరలతో చెక్కలోకి బిగిస్తారు. ఆ నాలుగూ ఇప్పుడు వేలితో తిప్పినా తిరుగుతున్నాయి.

నిన్న బిగించానన్నాడు ఫుంచోక్. మొన్నా బిగించానన్నాడు. పట్టా కొత్తది, చలికాలం మొదట్లో కింద పట్నం నుంచి వచ్చింది, తుప్పు లేదు, వంకర లేదు, ఇనుముని అనడానికేం లేదు అన్నాడు.

"ఇనుముని అనడానికి లేకపోతే ఎవర్ని అంటావ్?" అన్నాడు గురువు.

ఫుంచోక్ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "తొబ్దెన్ అన్నని" అన్నాడు.

ఆ మఠం మంచుకొండల మధ్యలో ఉంది. చలికాలం వచ్చిందంటే ఐదు నెలలు దారి ఉండదు. కనుమకి అవతల చిన్న ఊరు ఒకటుంది. పదిహేను రోజులకోసారి మఠం నుంచి ఒకరు మందుల సంచీ వీపుకి కట్టుకుని, స్కీల మీద కనుమ దాటి వెళ్ళి ఇచ్చి రావాలి. తొమ్మిదేళ్ళు ఆ పని తొబ్దెన్ చేశాడు. పోయినేడు అతని మోకాలు దెబ్బతింది. ఈ ఏడు గురువు ఫుంచోక్‌ని పెట్టాడు. ఇంకో నాలుగు రోజుల్లో మొదటిసారి వెళ్ళాలి. కనుమ దిగేచోట ఒక పక్కంతా లోయ. అక్కడ మడమ ఊడిందంటే ఇక మనిషి దొరకడు.

నేను వెళ్ళడం అతనికి ఇష్టం లేదు, పైకి నవ్వుతాడు గానీ మనసులో పెట్టుకున్నాడు అన్నాడు ఫుంచోక్. మొదట్లో స్కీలు బయట కొట్టంలో, అందరి చెక్కలతో పాటే ఉండేవి. మొదటిరోజు సాధన చేసి వచ్చాక చూస్తే ఒక్క మర కాస్త వదులైంది. అప్పుడే అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే చెక్కలు తెచ్చి తన గదిలో పెట్టుకున్నాడు, కళ్ళెదురుగా, కుంపటి పక్కన. రోజూ మంచులో నానిన చెక్కలు తెచ్చి అక్కడే పెట్టి, తలుపుకి తాళం వేసుకునేవాడు.

అప్పట్నుంచి ఒకటి కాదు, నాలుగూ వదులవుతున్నాయి.

తాళం ఉంటే ఎలా వస్తాడని గురువు అడిగాడు. ఫుంచోక్ దగ్గర దానికీ జవాబుంది. అందరూ ప్రార్థనలో ఉన్నప్పుడు గదుల్లో కుంపట్లలో బొగ్గులు వేసేది తొబ్దెనే. అన్ని తాళంచెవులూ అతని నడుముకే ఉంటాయి. మరలు తిప్పే పనిముట్టు కూడా అతని జేబులోనే ఉంటుంది. ఈమధ్య ఎదురుపడితే ముందు చెక్కల వంక చూస్తాడు, తర్వాత మనిషి వంక. ఒకసారి ఏదో అనబోయాడు కూడా. ఫుంచోక్ వినకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"నేనూ ఊరుకోలేదు, గురువుగారూ. నిన్న మరల మీద దీపం మసి పూశాను. ముట్టుకున్నవాడి వేళ్ళు నల్లబడాలి కదా. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి వేళ్ళూ చూశాను."

"ఎవరివి నల్లగా ఉన్నాయి?"

"తొబ్దెన్ అన్నవి."

"బొగ్గులెత్తేవాడి వేళ్ళు ఇంకెలా ఉంటాయి?"

"అదే అతని ధైర్యం" అన్నాడు ఫుంచోక్.

గురువు అతని చేతుల వంక చూశాడు. అవీ నల్లగానే ఉన్నాయి. ఫుంచోక్ వాటిని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు.

చివరికి అడగాల్సింది అడిగేశాడు. తొబ్దెన్‌ని దిగువ మఠానికి పంపెయ్యాలి. అతను ఇక్కడుంటే తను కనుమ ఎక్కలేడు. ఇది నా ప్రాణం గురువుగారూ అన్నాడు, నేలచూపులు చూస్తూ.

దిగువ మఠం రెండు రోజుల నడక. నడుంలోతు మంచు. ఆ మోకాలితో పోతే సగం దారిలో కూలబడతాడు.

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే" అన్నాడు ఫుంచోక్.

గురువు టీ గిన్నె కింద పెట్టాడు. "సరే. రేపు ప్రార్థన అయ్యాక నీ గదికి వస్తా."

మర్నాడు పొద్దున అన్నట్టే వచ్చాడు. ఫుంచోక్ అప్పుడే మంచులో తిరిగొచ్చాడు, చెక్కలు తడిగా ఉన్నాయి. గురువు చూస్తుండగానే నాలుగు మరలూ తనే బిగించాడు. గురువు ఒక్కోదాన్నీ తన చేత్తో తిప్పి చూశాడు. కదల్లేదు. లేచి తలుపు గడియ తనే పెట్టాడు. చెక్కని ఫుంచోక్ రోజూ ఆనించేచోటే, కుంపటి పక్కన ఆనించాడు. నాలుగు బొగ్గులు ఎక్కువే వేసి, ఎదురుగా కూర్చుని జపమాల తీశాడు.

ఇద్దరూ అలా కూర్చున్నారు. ఫుంచోక్ కళ్ళు చెక్క మీంచి తియ్యలేదు.

కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడైంది. బొగ్గులు తెచ్చానని బయట్నుంచి తొబ్దెన్ గొంతు. ఇవాళ అక్కర్లేదని గురువు చెప్పాడు. కుంటుతున్న అడుగులు దూరంగా వెళ్ళిపోయాయి. ఫుంచోక్ గురువు వంక చూశాడు, విన్నారా అన్నట్టు. గురువు పూస తిప్పాడు.

మధ్యాహ్నం అటుకులు నానబెట్టుకుని అక్కడే తిన్నారు. గది వేడికి ఫుంచోక్‌కి కునుకు వచ్చింది గానీ తొడ గిల్లుకుని కూర్చున్నాడు.

కిటికీలో వెలుగు పసుప్పచ్చగా మారేవేళ గురువు, "ఇప్పుడు చూడు" అన్నాడు.

ఫుంచోక్ మొదటి మర మీద వేలు పెట్టాడు. తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోది, నాలుగోది అంతగా కాదు గానీ అవీ తిరిగాయి.

తలుపు వంక చూశాడు. గడియ పెట్టినట్టే ఉంది. కిటికీ మంచుకి బిగుసుకుపోయి ఉంది. ఇక తను కాక ఆ గదిలో ఉన్నది ఒక్కరే. ఫుంచోక్ చూపు, ఆపుకోలేక, గురువు వేళ్ళ మీదకి పోయింది.

గురువు ఆ చూపు పట్టుకున్నాడు. జపమాల ఒళ్ళో పెట్టి, రెండు అరచేతులూ వెలుగులోకి చాపి చూపించాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. మనిద్దర్లో ఎవర్ని దిగువ మఠానికి పంపమంటావ్?"

ఫుంచోక్ చెక్క మీద చెయ్యి వేశాడు. వేడిగా ఉంది. ఎత్తితే పొద్దుటికంటే తేలిగ్గా ఉంది. ఇనుము ఎలా ఉన్నది అలాగే ఉంది. మర చుట్టూ మాత్రం, ఎండి లోపలికి ముడుచుకున్న చెక్కలో, వెంట్రుకంత సందు.

చాలాసేపు ఆ సందునే చూశాడు. తర్వాత చెక్కలు రెండూ భుజాన వేసుకుని, గడియ తీసి, కొట్టం వైపు వెళ్ళాడు.

తొబ్దెన్ అక్కడే ఉన్నాడు. ఫుంచోక్ మరలన్నీ ఊడదీశాడు. ఇద్దరూ కలిసి సన్నటి పుల్లలు చెక్కి, జిగురు పూసి ఆ కన్నాల్లో దిగ్గొట్టారు. అది ఆరాక మళ్ళీ మరలు దించాలి. చలిలో నిదానంగా ఆరాలి, రెండు రోజులు పడుతుంది. వెళ్ళేరోజుకి సరిపోతుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ ఫుంచోక్ చెప్తూనే ఉన్నాడు.

ఫుంచోక్ తిరిగి రాగానే గురువు అడిగాడు. "మసి పూసిన సంగతి చెప్పావా?"

"చెప్పాను."

"పంపెయ్యమన్న సంగతి?"

"అదీ చెప్పాను. అంతా విన్నాడు."

"విని ఏమన్నాడు?"

ఫుంచోక్ తొబ్దెన్ మాటల్నే అప్పజెప్పాడు.

"ఆ చెక్క ఇటు ఆనించు తమ్ముడూ, అటు పొద్దున ఎండ పడుద్ది."