చిలక బొమ్మ తలుపు

అనగనగా ఒక అడవిలో, వాగు గట్టున ఒక ఎలుకల కుటుంబం కాపురం ఉండేది. అమ్మ, నాన్న, ముగ్గురు పిల్లలు. పెద్దవాడు కంది, నడిపిది పెసర, చిన్నది ఆవగింజ. పేరుకే అది ఆవగింజ, ఆశ మాత్రం గుమ్మడికాయంత.

వాళ్ళ కలుగుకు ఒక వింత తలుపు ఉండేది. ఎప్పుడో వాగులో కొట్టుకొచ్చి పగిలిన రంగుల కుండ పెంకులే ఆ తలుపు. పొద్దున్నే అమ్మ వాటిని ఊడదీసి కలగలిపేసేది. సాయంత్రం అందరూ కూర్చుని రెక్క ఎక్కడ, ముక్కు ఎక్కడ అని వెతుక్కుంటూ, పోట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ముక్కకు ముక్క అతికేవాళ్ళు. అన్నీ కలిస్తే కలుగు నోట్లో పచ్చటి చిలక బొమ్మ వచ్చేది. అప్పుడు ఎవరు తోసినా తలుపు కదిలేది కాదు. ఒక్క ముక్క తగ్గినా మిగతావన్నీ వదులే.

ఆఖరి ముక్క పెట్టినవాళ్ళే ఆ పూటకు ఇంటిపెద్ద. వాళ్ళు ముందు తింటారు. వాళ్ళ మాట నాన్న కూడా వినాలి. ఆవగింజకు ఆ యోగం ఒక్కసారీ పట్టలేదు. అందుకని ఒకరోజు ఆట మొదలవకముందే చిలక కన్ను ఉన్న పెంకు తీసి పొట్ట కింద దాచుకుంది. అందరూ పెట్టేశాక తాను పెట్టాలని దాని ఎత్తు.

ఆ సాయంత్రం మబ్బులు కమ్మి వాన మొదలైంది. వానకు గూడు వెతుక్కునేది ఎలుకలు మాత్రమే కాదు కదా. బయట తడి ఆకుల మీద ఏదో పాకుతున్న చప్పుడు. జరజర. ఆగింది. మళ్ళీ జరజర.

"జెర్రిపోతు" అన్నాడు నాన్న మెల్లగా. "త్వరగా కానివ్వండి."

అందరూ గబగబా పేర్చారు. చూస్తే చిలకకు కన్ను లేదు, కాలు లేదు, తోక లేదు. మూడు కంతలు! అమ్మ మూలమూలా వెతికింది. ఆవగింజకు ఏమీ అర్థం కాలేదు. తాను దాచింది ఒక్కటే కదా. మిగతా రెండూ దొరికాక పెడదాంలే అనుకుంది.

ఇంతలో చిలకకు కన్ను వచ్చింది. గుండ్రంగా, మెరుస్తూ, రెప్ప వేయకుండా లోపలికే చూస్తోంది.

"నాకోసం కిటికీలు పెట్టించారే" అంది జెర్రిపోతు తియ్యగా. "ఎందులోంచి రమ్మంటారు?"

నాన్న పరుగున వెళ్ళి తలుపుకు వీపు ఆనించాడు. పెంకులు గడగడ ఊగాయి. కన్ను మాయమైంది. తోక కంతలోంచి పాము మూతి దూరి నాన్న తోక పట్టేసింది.

నిజం చెబితే తిట్లు తప్పవు. అన్నా అక్కా జన్మంతా దెప్పుతారు. కానీ నాన్న కళ్ళలో నీళ్ళు చూశాక ఆవగింజ ఉండలేకపోయింది.

"నాన్నా, కన్ను నా దగ్గరే ఉంది. నేనే దాచాను" అని ఏడుస్తూ పెంకు బిగించింది. అయినా తలుపు ఊగుతూనే ఉంది. అప్పుడు పెసర తల వంచుకుని గడ్డి పక్క కిందనుంచి కాలు ముక్క తెచ్చి పెట్టింది. ఇక మిగిలింది కంది. వాడు బుగ్గలో దాచుకున్న తోక ముక్క తీసి, దాని పదునైన అంచుతో పాము మూతి మీద ఒక్క పోటు పొడిచాడు. మూతి వెనక్కి పోయింది. ముక్క టక్కున కూర్చుంది.

పాము తలుపును ఒకసారి తోసింది. రెండుసార్లు తోసింది. మూడోసారి తోసి, బుస కొట్టి వెళ్ళిపోయింది. నాన్నకు మాత్రం సగం తోకే మిగిలింది.

ఎవరూ తిట్టలేదు. అమ్మ ఆకు పసరు పిండి కట్టు కట్టింది.

"ఇంటిపెద్దను కావాలనుకున్నా నాన్నా" అంది ఆవగింజ వెక్కుతూ.

"ఇంటిపెద్ద కావాలంటే ముందు ఇల్లు ఉండాలి కదమ్మా" అన్నాడు నాన్న.

మరునాడు సాయంత్రం ఆఖరి ముక్క దగ్గర ఆట ఆగిపోయింది. నువ్వు పెట్టంటే నువ్వు పెట్టంటూ ముగ్గురూ వెనక్కి జరిగిపోతున్నారు. చీకటి పడుతోంది. నాన్నకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మర్యాదలు తర్వాత, ముందు తలుపు మూయండని కసిరాడు. ఆవగింజ గబుక్కున ముక్క బిగించి వచ్చి, మొదటి గింజ నాన్న చేతిలో పెట్టింది.

నీతి: ఆఖరి ముక్క పెట్టిన పేరు ఒక్కరిదే. ముక్క దాస్తే వచ్చే చేటు మాత్రం ఇంటిల్లిపాదిదీ.