ఫైల్లో పెట్టిన చెరుకు బండి

పెద్దాపురంలో కొప్పిశెట్టి వాళ్ళింట్లో ముగ్గురున్నారు. అక్క గవరమ్మ, అన్న బుల్లెబ్బాయి, చిన్నోడు పోలిరాజు. తమ తెలివి ఊరందరికీ పంచినా ఇంకా మిగులుద్దని ముగ్గురికీ గట్టి నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోద్దని చొక్కాలో దాచుకుని తడుస్తా ఇంటికొచ్చే రకం. "మనకున్న ముందుచూపు ఎవరికుందే అక్కా" అనేవాడు బుల్లెబ్బాయి, తుమ్ముకుంటా.

వాళ్ళ నాన్న కన్నయ్య బస్టాండు దగ్గర చెరుకురసం బండి నడిపేవాడు. ఆయన పోయాక బండి పాత ఇనుములోకి పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. అందుకని పోలిరాజు కంప్యూటర్లో బొమ్మ ఇటుకలు పేర్చే ప్రోగ్రాములో ఆ బండిని ఉన్నదున్నట్టు కట్టాడు. చక్రాలు దొరికాయి, రేకు దొరికింది, బల్ల దొరికింది. చెరుకు నలిపే రోలరు మాత్రం దొరకలేదు. నాన్న దానికి ఆకురాయితో తనే వంకర పళ్ళు కోసుకున్నాడు మరి. అలాంటి ముక్క ఇంకెక్కడ ఉంటది? పోలిరాజు నెల రోజులు కూర్చుని ఒక్కో పన్నూ సొంతంగా గీశాడు.

కాకినాడలో బొమ్మ ఇటుకల ప్రదర్శన పెడుతున్నారు. బండిని పెద్ద తెర మీద చూపించి కింద కన్నయ్య పేరు రాస్తారంట. ఇంకేముంది, పోలిరాజు ఫైలు పంపేశాడు.

మర్నాడు ప్రదర్శన చూసుకునే జ్యోతిర్మయి మేడమ్ ఫోన్ చేసింది. "బండి వచ్చింది బాబూ, మధ్యలో రోలరు లేదు. మీ ఫైల్లో ఏ ముక్క ఎక్కడుండాలో పేర్లే ఉంటాయి. ఆకారాలు ప్రోగ్రాము మా కంప్యూటర్లోంచి తీసుకుంటుంది. మీరు గీసిన రోలరు మా దగ్గర లేదు కదా. మా దగ్గర లేనిదాని ఆకారం ఫైల్లోనే పెట్టి పంపండి. శనివారం దాటితే తీసుకోం."

"విన్నావా, వాళ్ళ దగ్గర లేనిది లోపల పెట్టాలంట" అన్నాడు బుల్లెబ్బాయి.

పోలిరాజు రోలరు ఆకారం ఫైల్లో పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండును.

"చెరుకు ఉందా వాళ్ళ దగ్గర?" అంది గవరమ్మ. చెరుకు పెట్టారు. చెరుకు పండిన చేను పెట్టారు. బండి నిలబడ్డ రోడ్డు పెట్టారు, పక్కన చెప్పులు కుట్టే అప్పలస్వామిని పెట్టారు, ఆయన దగ్గు ఎలా గియ్యాలో తెలీక ఒక పూట ఆలోచించారు. బస్టాండు పెట్టారు. బస్టాండన్నాక బస్సులుండవా, బస్సులన్నాక జనం ఉండరా. అంతే, ఫైలు ఎంత లావెక్కిందంటే పంపుతుంటే కదల్లేదు.

శుక్రవారం పొద్దున్నే గవరమ్మ మేడమ్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆవిడ నిట్టూర్చింది. "మా దగ్గర ఉన్నవన్నీ ఎందుకమ్మా? ఉన్నవి తీసెయ్యండి, లేనిది ఉంచండి."

"అలాగే. మీ దగ్గర చక్రముందా మేడమ్ గారూ?"

"ఉంది."

"ఒరేయ్, చక్రం తీసెయ్. రేకుందాండీ?"

"ఉందమ్మా."

"రేకు తీసెయ్. బల్ల?"

"బల్లా ఉంది, రోడ్డూ ఉంది, మనుషులూ ఉన్నారు. నాకు పనుంది."

గవరమ్మ ఫోన్ పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "ఒరేయ్, ఈవిడ దగ్గర బండంతా ముందే ఉందిరా. మనకి చెప్పకుండా దాచింది."

పోలిరాజుకి ఒక్కోటీ తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా మేడమ్ చెప్పాక తప్పుద్దా. ఆఖరికి రోలరొక్కటే గాల్లో వేలాడతా మిగిలింది. అది పంపారు.

శనివారం మేడమ్ ఫైలు తెరిచింది. రోలరు చూసి కాసేపు నవ్వింది, కాసేపు తల పట్టుకుంది. మంచావిడ. మొదట పంపిన ఫైల్లో ఈ రోలరు ఆకారం తనే కలిపేసింది. "వచ్చి చూసుకోండి బాబూ" అని కబురు చేసింది.

ముగ్గురూ బస్సెక్కి పోయారు. పెద్ద తెర మీద నాన్న బండి. రోలరు వంకర పళ్ళతో గిర్రున తిరుగుతోంది. కింద కన్నయ్య పేరు. పోలిరాజు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

పక్కన ఒక లావుపాటాయన చెమట తుడుచుకుంటా నవ్వాడు. "బండి బాగుందయ్యా. ఇంతకీ రసమేది?"

పోలిరాజు మొహం వాడిపోయింది. నిజమే, రసం లేదు. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"లేనిది లోపల పెట్టాలి" అంది గవరమ్మ.

ఇంకేముంది, బుల్లెబ్బాయి బయటికి పరిగెత్తి పెద్ద గ్లాసు చెరుకురసం తెచ్చాడు. బల్ల కింద కంప్యూటర్ డబ్బా కనపడింది, పైన వరసగా చిన్న చిన్న కన్నాలు. "చూశావా, పొయ్యడానికి వీలుగా కన్నాలు కూడా పెట్టారు. చదువుకున్నవాళ్ళు మరి" అన్నాడు.

పోలిరాజు ఒక్క చుక్క కింద పడకుండా నెమ్మదిగా పోశాడు. చుయ్యిమంది. పొగొచ్చింది. తెర నల్లబడింది. బండీ పోయింది, నాన్న పేరూ పోయింది.

మేడమ్ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే పోలిరాజు చేతులు కట్టుకుని తల దించుకున్నాడు.

"తప్పు మాదేనండి. కంగారులో ఐసు వెయ్యకుండా పోసేశాం. ఎటువైపు నుంచి వెయ్యమంటారు?"