నీళ్లు పోయని వరదమ్మ

అనగనగా ఒక అడవిలో, రెండు గుట్టల నడుమ పల్లంలో, జంతువులన్నీ కలిసి వేసుకున్న వరిమడి ఒకటి ఉండేది. అడవిలో వరిమడేమిటని అడక్కండి. కథ మొదట్లోనే అడ్డుప్రశ్నలు వేస్తే నాకు కోపం వస్తుంది. ఉండేది, అంతే.

ఆ మడిని అడవిపందులు దున్నేవి. పిట్టలు నాట్లు వేసేవి. ఎలుకలు కలుపు తీసేవి. నీళ్లు పెట్టే పని మాత్రం వరదమ్మది. వరదమ్మ అంటే ఆ అడవిలోకెల్లా పెద్ద ఏనుగు. మనసు కూడా అంత పెద్దదే. పొద్దున్నే వాగుకు వెళ్లి, తొండం నిండా నీళ్లు పట్టుకొచ్చి మడి మీద చల్లేది. ఒక్కో వరస దగ్గరా ఆగి, "తాగండమ్మా, కడుపునిండా తాగండి" అని పలకరించేది. చిన్నా పెద్దా అందరికీ ఆమె అత్తే. కుందేలు పిల్లలు ఆమె తొండం మీద జారుడుబండ ఆడుకునేవి. ఆమె కిమ్మనేది కాదు.

ఆ మడిలో పండేవి పాలవడ్లు. గింజ నోట్లో వేసుకుంటే తియ్యగా, మెత్తగా ఉండేది. కానీ వాటి మొదళ్లలో ఎప్పుడూ తడి ఉండాలి. లేకపోతే అలిగిన పెళ్లికొడుకులా తల వేలాడేసేవి.

ఇలా ఉండగా వానల తీరు మారిపోయింది. మృగశిర కార్తెలో రావలసిన వాన రాలేదు. ఎప్పుడో వచ్చి మూడు రోజులు కుండపోతగా కురిసింది. ఆ తర్వాత నెలరోజులు చుక్క లేదు. సరిగ్గా కంకి పాలు పోసుకునే వేళకు మడి నెర్రెలిచ్చింది. ఒక ఏడు అలా అయింది. రెండో ఏడూ అంతే. కంకుల్లో గింజ లేదు, అంతా తాలే. వాగు కూడా సన్నబడిపోయింది. తొండం ఎంత పెద్దదైతే మాత్రం, చారెడు నీళ్లతో మడంతా ఎలా తడుస్తుంది? కుందేలు పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే వరదమ్మ గుండె తరుక్కుపోయింది.

అప్పుడు బుల్లెమ్మ అనే ఎలుకకు ఒక ఆలోచన వచ్చింది. బుల్లెమ్మ మనిషి... కాదు, ఎలుక చిన్నదే గాని బుర్ర పెద్దది.

"అత్తా, గుట్ట మీద రాళ్ల సందుల్లో ఒక వరి ఉంది చూశావా? దానికి ఎవరూ నీళ్లు పొయ్యరు. అయినా ఏటా పండుతుంది" అంది.

"ఆ గుట్టవడ్లా! నమిలితే పళ్లు ఊడతాయే తల్లీ!" అంది వరదమ్మ.

"నిజమే. మన పాలవడ్లకేమో రుచి ఉంది, ఓపిక లేదు. వాటికి ఓపిక ఉంది, రుచి లేదు. రెండింటికీ పెళ్లి చేద్దాం."

ఈ పెళ్లికి తేనెపిట్ట పురోహితుడు. దాని ముక్కు సూదంత సన్నం. పొద్దు పైకెక్కి వరిపువ్వు విచ్చుకోకముందే అది పాలవడ్ల పువ్వులోని పుప్పొడి తిత్తులు తీసేసింది. తర్వాత గుట్ట మీది పుప్పొడిని తెచ్చి ఆ పువ్వులో దులిపింది. ఎంత ఓపిగ్గా చేసినా మొదటి ఏడు పద్నాలుగే గింజలొచ్చాయి. వాటిని నాటితే మరుసటి ఏటికి గంపెడు విత్తనం అయింది. అందులోంచి మూడువందల గింజలు తీసి బుల్లెమ్మ ఒక చిన్న మడి కట్టి చల్లింది.

మొలకలు జానెడు ఎదిగాక వరదమ్మను పిలిచింది.

"అత్తా, ఇవన్నీ ఒక్క కడుపు పిల్లలే. కానీ ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. కొన్నిటికి తల్లి తీపి వస్తుంది. కొన్నిటికి తండ్రి మొండితనం వస్తుంది. ఏది ఎండకు తట్టుకుంటుందో ముందు తెలియాలి. కాబట్టి ఇరవై రోజులు వీటికి చుక్క నీరు పొయ్యకు. బతికినవే మనకు విత్తనం."

"మరి బతకనివి?"

"పోతాయి అత్తా."

వరదమ్మకు ఆ మాట నచ్చలేదు. అయినా సరేనంది.

మూడో రోజుకు మొలకలు వాడాయి. వరదమ్మ దూరంనుంచి చూసి వెళ్లిపోయింది. ఏడో రోజుకు ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి. వరదమ్మ దగ్గరికొచ్చి, "కాస్త ఓర్చుకోండమ్మా" అని చెప్పి, కళ్లు తుడుచుకుని వెళ్లింది. పన్నెండో రోజుకు ఆకుల కొసలు మాడాయి. ఇక ఆమెకు కాలు నిలవలేదు.

మిట్టమధ్యాహ్నం. బుల్లెమ్మ కొత్తగా ఈనిన పిల్లలకు పాలిస్తూ బొరియలో కునుకు తీస్తోంది. వరదమ్మ తొండంలో నీళ్లున్నాయి. చివరి వరసలో ఒక బక్క మొలక మట్టి మీద వాలిపోయి ఉంది. 'దీనికొక్కదానికే' అనుకుని రెండు చుక్కలు పోసింది. పక్కదాన్ని చూస్తే అదీ అలాగే ఉంది. దానికీ పోసింది. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోవడం ఆమె వల్ల ఏనాడూ కాలేదు. మూడువందల మొలకలూ తాగాయి. వెళ్తూ వెళ్తూ మడి మీద పొడిమట్టి కూడా చల్లింది, తడి కనబడకుండా. ఆ తర్వాత కూడా రోజు విడిచి రోజు అదే పని.

ఇరవయ్యో రోజు బుల్లెమ్మ వచ్చి చూసింది. మడంతా పచ్చగా కళకళలాడుతోంది.

"అత్తా! అన్నీ గెలిచాయి! ఒక్కటి కూడా పోలేదు!" అంటూ గట్టు మీద ఎగిరి ఎగిరి గంతులేసింది. బొరియలోంచి పిల్లల్ని తెచ్చి మరీ చూపించింది. అంత సంతోషాన్ని చూశాక వరదమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. 'ఏమవుతుందిలే' అనుకుని ఊరుకుంది.

ఏమైందో చెప్తాను వినండి.

ఆ మూడువందల మొక్కల గింజలన్నీ కలిపేశారు. మరుసటి ఏడు పెద్ద మడంతా అదే విత్తనం చల్లారు. పాలవడ్లను తీసిపారేశారు కూడా. వాన ఎప్పటిలాగే ముఖం చాటేసింది. పది రోజులకు మడి వాడింది. పదిహేను రోజులకు పసుపెక్కింది. తర్వాత దుబ్బులు ఒక్కొక్కటే ఎండి గడ్డైపోవడం మొదలుపెట్టాయి.

బుల్లెమ్మ గట్టు మీద కూలబడింది. "తప్పు నాదే అత్తా. నా కళ్లు సరిగ్గా చూడలేదు. నన్ను నమ్మి అందరూ పాలవడ్లు కూడా పోగొట్టుకున్నారు. ఇక విత్తనం జోలికి నేను రాను. మొదటి గంపలో మిగిలిన గింజలు కూడా పిల్లలకు పెట్టేయండి, ఈ పూటకైనా తింటారు."

తప్పు చేయనిది తప్పు నాదంటూ ఏడుస్తుంటే వినడం ఎంత కష్టమో! వరదమ్మ వినలేకపోయింది.

"తప్పు నీ కళ్లది కాదే బుల్లెమ్మా, నా తొండానిది" అంది. మిట్టమధ్యాహ్నం సంగతి, పొడిమట్టి సంగతి, అంతా చెప్పేసింది.

బుల్లెమ్మ గట్టు మీదినుంచి లేచింది. "నీళ్లు పోసినందుకు నాకు కోపం లేదత్తా. నీ మనసు నాకు తెలుసు. ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే మళ్లీ మొదలుపెట్టేదాన్ని కదా! ఏడాది పోయింది" అని బొరియలోకి వెళ్లిపోయింది. మూడు రోజులు బయటికి రాలేదు.

ఆ మూడు రోజులూ వరదమ్మ మడి దగ్గరే నిలబడింది. మొదటి రోజు అడవిపంది వచ్చి, "అత్తా, మూలనున్న నాలుగు వరసలకైనా నీళ్లు పొయ్యి" అంది. రెండో రోజు పిట్టలన్నీ వచ్చి బతిమాలాయి. మూడో రోజు కుందేలు పిల్లలు వచ్చి ఆమె కాళ్లను చుట్టేసుకున్నాయి.

"పొయ్యను" అంది వరదమ్మ. "ఒకసారి ఎవరికీ చెప్పకుండా పోశాను. అందుకే మీకు ఈ ఆకలి. మడిలో గట్టివి ఎక్కడో ఉన్నాయి. ఇప్పుడు నీళ్లు పోస్తే అవేవో మళ్లీ తెలియకుండా పోతుంది. నన్ను తిట్టుకోండి, పడతాను."

కుందేలు పిల్లలు తిట్టలేదు. ఏడ్చాయి. తిడితేనే బాగుండేది. వరదమ్మ వాటిని వెంటబెట్టుకుని గుట్ట మీదికెళ్లి వెలగకాయలు రాల్చింది. కాలితో పగలగొట్టి పెట్టింది. ఆ ఏడంతా అడవిలో ఎవరికి ఆకలేసినా ఆమె చెట్టూ చేమా వెతికి ఏదో ఒకటి తెచ్చి పెడుతూనే ఉంది. ఆమె మాత్రం సగం చిక్కిపోయింది.

నాలుగో రోజు బుల్లెమ్మ బయటికొచ్చింది.

"పోశావా?"

"లేదు."

"నిజంగా?"

"నా తొండం చూడవే, ఎండి చెక్కయింది!"

బుల్లెమ్మకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ కలిసి మడిలో తిరిగారు. ఎండిన గడ్డి మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి పచ్చగా నిలబడ్డ దుబ్బులు కనిపించాయి. లెక్కపెడితే ఇరవై మూడు. పక్కన నేల తవ్వి చూస్తే వాటి వేళ్లు లోతుకు, ఇంకా లోతుకు, చల్లమట్టి దాకా దిగి ఉన్నాయి. కోత వేళకు బుల్లెమ్మ ప్రతి దుబ్బు గింజా కొరికి చూసింది. రుచి కూడా ఉన్నవి ఏడు దొరికాయి. ఆ ఏడు దుబ్బుల విత్తనం మరుసటి ఏట మడిలో సగానికే సరిపోయింది.

ఆ ఏడాది కూడా వాన నెలరోజులు ఎగ్గొట్టింది. అడవంతా ఊపిరి బిగబట్టింది. వరదమ్మ మడివైపు వీపు పెట్టి నిలబడింది, చూస్తే ఆగలేనని. వాన లేకుండానే కంకి పాలు పోసుకుంది. గింజ గట్టిపడింది. సగం మడే అయినా పిల్లలందరికీ కడుపునిండా వచ్చింది.

మొదటి కంకి కోసి బుల్లెమ్మ వరదమ్మ తొండంలో పెట్టింది. "నువ్వు తింటేగాని మేం ముట్టం అత్తా" అంది.

ఏనుగు నోటికి ఒక కంకి ఏపాటి? పంటికి కూడా తగలదు. వరదమ్మ మాత్రం కళ్లు మూసుకుని, దాన్ని మధ్యాహ్నం దాకా నమిలింది.

నీతి: జాలితో పొరపాటు చేసినా ఆ రోజే ఒప్పుకోవాలి, దాచిపెట్టిన జాలి మనం ప్రేమించేవాళ్లకే కీడు చేస్తుంది.