ఇరవై ఒకటో గడి

సుభాషిణి రాసిన ప్రోగ్రాం ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక్కరిని చేసింది.

పట్నంలో ఒక ఆసుపత్రిలో, మందుల పొట్లాల మీద రోగుల పేర్లు అచ్చువేసే ప్రోగ్రాం అది. సి భాషలో రాసింది. గడికో అక్షరం చొప్పున ఒక్కో పేరుకి ఇరవై గడులు పెట్టింది. పరీక్షకని మూడొందల పేర్లు ఎక్కిస్తే అన్నీ బుద్ధిగా వచ్చాయి. ఒక్కటి మాత్రం 'వెంకటసూర్యనారాయణబంగారమ్మ' అని వచ్చింది. వెంకటసూర్యనారాయణ ఒక మనిషి, వరసలో ఆయన తరవాతున్న బంగారమ్మ ఇంకో మనిషి. ఆయన పేరు ఇంగ్లీషులో సరిగ్గా ఇరవై అక్షరాలు.

"ఇద్దరికీ పెళ్లి చేసీసేవేటమ్మా?" అన్నాడు కాంపౌండరు.

సుభాషిణి కూడా నవ్వేసింది. "అంత పొడుగు పేరు మళ్లీ రాదులెండి" అంది. సోమవారం పదకొండు గంటల నుంచి దాన్ని నిజం రోగులకి వాడతామన్నారు. నవ్విందే గానీ, ఆ పేరు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆదివారం సాయంత్రం రైలెక్కి, కొండమీద గవరయ్య మాస్టారి దగ్గరికి వెళ్లింది.

గవరయ్య బడిపంతులు కాదు, స్టేషన్ మాస్టారు. ఆ స్టేషన్లో రోజుకి రెండు పాసింజర్లు ఆగుతాయి. మిగతావన్నీ గనుల నుంచి ఖనిజం మోసుకుని కిందికి దిగే గూడ్సులు. ఆ ప్లాట్‌ఫారం మీద మనుషుల కంటే మబ్బులే ఎక్కువ దిగుతాయి. డ్యూటీ లేని పూటల్లో ఆయన అడిగినవాళ్లకి సి నేర్పుతాడు. సుభాషిణి ఆరు నెలలు అక్కడే ఉండి నేర్చుకుంది.

ఆయన దగ్గర కంప్యూటరు ఒకటే, అదీ ముసలిది. ప్రశ్నలు మాత్రం ఎన్నైనా తెచ్చుకోవచ్చు, జవాబే తిన్నగా రాదు. సి భాషలో లెక్క ఒకటి నుంచి కాకుండా సున్నా నుంచి ఎందుకు మొదలవుతుందని కొత్తలో ఆమె అడిగితే, ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లి, "మొదటి స్తంభం దగ్గరికి ఎన్నడుగులెయ్యాలి?" అన్నాడు. ఆమె ఆ స్తంభానికి ఆనుకునే నిలబడి ఉంది. మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

సోమవారం తెల్లవారింది గానీ, తెల్లవారినట్టు లేదు. మంచు పట్టాల్ని మింగేసింది. సిగ్నలు దీపం ఒక్కటే ఆకాశంలో దేనికీ అతుక్కోకుండా వేలాడుతోంది. మాస్టారు బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"మాస్టారూ, పేరు చివర ఒక గడి సున్నాకి వదలమంటారు. అది కనపడదు. పేరులో అక్షరమూ కాదు. దాన్ని చూసే యంత్రం ఆగుతుందని నాకూ తెలుసు. కానీ గడులెన్నో మనకి ముందే తెలిసినప్పుడు దాంతో పనేటండీ? ఇరవైకి ఇరవై వాడుకుంటే తప్పేటి?"

ఆ గొంతులో ప్రశ్న కంటే పంతమే ఎక్కువుంది. ఆయన టీ పూర్తిగా తాగాడు. పచ్చజెండా తీసుకుని లేచాడు.

"గూడ్సొస్తంది తల్లీ. ఆగదు. యాభైతొమ్మిది పెట్టెలన్నాడు పై స్టేషనోడు. మొత్తం వెళ్లిపోయేక చెప్పు. దాని వెనకాలే నీ పాసింజరు పైన ఆగుంది. ఇక్కడ లైను ఖాళీ అయితేనే దాన్ని ఒదల్తారు."

బండి రావడం ఆమె చూడలేదు, విన్నది. మంచులోంచి ఇంజను ఒక్కసారిగా పుట్టి, మళ్లీ మంచులోకే పోయింది. తరవాత పెట్టెలు. నల్లగా, తడిగా, ఒకదాని వెనక ఒకటి నిద్రలో నడిచినట్టు వచ్చాయి. ముప్పై దాటాక అవీ కనపడలేదు. చక్రాల చప్పుడు పట్టుకుని లెక్కపెట్టింది. యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

ఆ వెనకే ఇంకో చప్పుడు వినపడింది. కొండ ప్రతిధ్వని అనుకుంది. తరవాత నిశ్శబ్దం.

"వెళ్లిపోయింది మాస్టారూ."

"చివరి పెట్టె చూసేవా?"

ఏ బండికైనా చివరి పెట్టె వెనక ఒక పలక, ఎర్రదీపం ఉంటాయి. బండి ఇక్కడితో సరి అని గుర్తు. అది కనపడకపోతే, వెనక పెట్టె ఏదైనా ఊడి పట్టాల మీదే ఉండిపోయిందేమో తెలియదు. ఆ సంగతి ఆమెకి తెలియంది కాదు.

"మంచులో కనపళ్లేదండీ. కానీ లెక్క సరిపోయింది."

"నాకూ కనపళ్లేదు" అని ఆయన లోపలికి వెళ్లి ఫోనెత్తాడు. కింది స్టేషన్ మాస్టారితో, "గూడ్సు చివర నాకు దొరకలేదు బాబూ. నీ దగ్గరకొచ్చేక చూసి చెప్పు. అందాకా పైనున్న పాసింజర్ని రానివ్వను" అన్నాడు.

వచ్చి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. పావుగంటైంది. ఇరవై నిమిషాలైంది. సుభాషిణి గడియారం వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"నేను పదకొండుకి అక్కడుండాలండీ."

"ఆ పాసింజర్లో రెండొందలమంది ఉంటారు" అన్నాడాయన. అంతకు మించి అనలేదు.

ఆమెకి కోపం వచ్చింది. ఇంతచేసి ఒక దీపం కోసం. మంచు ఆమె చెప్పుల దాకా వచ్చి కూర్చుంది. ఎక్కడో ఒక పిట్ట ఒకే కూతని మళ్లీ మళ్లీ మొదలుపెట్టి, పూర్తిచేయకుండా వదిలేస్తోంది.

ఫోను మోగింది. మాస్టారు విని, రిజిస్టరులో టైము రాసి, పాసింజర్ని వదలమని పై స్టేషనుకి లైను క్లియరిచ్చి బయటికొచ్చాడు.

"ఎర్రదీపం చూసేడంట. అరవై పెట్టెలు."

"అరవైయా? యాభైతొమ్మిదన్నారు కదండీ."

"యాభైతొమ్మిదీ సరుకు పెట్టెలమ్మా. చివర గార్డు పెట్టె సరుకులోకి రాదు. అందుకని లెక్కలో చెప్పరు."

సుభాషిణికి తను ప్రతిధ్వని అనుకున్న చప్పుడు ఇప్పుడు మళ్లీ వినపడింది. దాని వెనకే, మందుల కిటికీ దగ్గర చెయ్యి చాచి నిలబడ్డ బంగారమ్మ కనపడింది. ఇంతవరకూ ఆమెని ఒక పేరనే అనుకుంది.

సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇరవైని ఇరవై ఒకటి చేసింది. ఇరవై అక్షరాలకి మించిన పేరు వస్తే పొట్లం అచ్చువేయకుండా మనిషిని పిలవమని రాసింది. మళ్లీ నడిపి చూస్తే వెంకటసూర్యనారాయణ వచ్చి ఆగాడు. కింద వరసలో బంగారమ్మ విడిగా వచ్చింది. తరవాత ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"కాంపౌండరు గారూ, నేనొచ్చేదాకా మొదలుపెట్టకండి. ఆ పొడుగు పేరు మళ్లీ వస్తుంది. మొన్న నేనన్నది తప్పు."

పాసింజరు వచ్చి రెండు నిమిషాలు ఆగింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బండి కదిలింది.

"వెళ్లొస్తాను మాస్టారూ" అని చెయ్యి ఊపింది.

గవరయ్య మాస్టారు పచ్చజెండా చాచి నిలబడే ఉన్నాడు. ఆమె పెట్టె ఆయన్ని దాటింది. ఆయన ఆమె వైపు చూడలేదు. మంచులోకి, బండి చివర కోసం చూస్తున్నాడు.