బూరుగు నోరు మూసుకున్న రోజు

ఆఁ, కుక్కే. కుక్కే మాట్లాడేది. రా, నువ్వూ ఇలా కూచో, ఇప్పుడే మొదలెట్టాను.

ఒకప్పుడు కుక్కలకి మనలాగే మాటలొచ్చేవి. తోక మాత్రం ఊరికే వేలాడేది. దానికేం పనుండేది కాదు.

కొల్లేట్లో నాంచారయ్యని ఒక వేటగాడుండేవాడు. తాటిదోనెలో కూచుని ఉండేలుతో బాతుల్ని కొట్టేవాడు. బాతు పడ్డచోట మొలలోతు బురద, మనిషి దిగలేడు. అందుకని బూరుగు అనే కుక్కకి, ఈదెళ్ళి బాతుని తేవడం నేర్పిస్తున్నాడు. పళ్ళు గుచ్చుకోకుండా పట్టుకోవాలని దాని నోట్లో కోడిగుడ్డు పెట్టి గట్టుమీద నడిపించేవాడు.

బూరుగు బాగానే నడిచేది. కానీ ఒట్టి వాగుడుకాయ.

"పట్టుకున్నావా?" అనేవాడు నాంచారయ్య.

"ఆఁ, పట్టుకున్నా మావా!" గుడ్డు టప్!

"ఒసే, పలక్కే!"

"సరే మావా!" ఇంకో గుడ్డు టప్!

నీళ్ళలోనూ అంతే. నోట్లోంచి మూడు బాతులు జారి ఎగిరిపోయాయి. నాంచారయ్యకి విసుగొచ్చింది.

"ఇదే ఆఖరు. ఈసారి వదిలావో, ఇంక దోనె ఎక్కించను. గట్టుమీద కూచుని కప్పల్తో కబుర్లు చెప్పుకో!"

బూరుగు చటుక్కున నోరు మూసుకుంది. దోనంటే దానికి ప్రాణం మరి.

ఉండేలు రాయి తగిలి ఒక బాతు పడింది. బూరుగు దూకింది. తూటికాడలు తప్పించుకుంటూ ఈదెళ్ళి మెత్తగా కరుచుకుంది. బాతు చచ్చిపోలేదు, కళ్ళు తిరిగాయంతే. ఒక కన్ను తెరిచింది.

"అక్కా, ఎంత బాగా ఈదుతున్నావే! ఎవరు నేర్పారు?"

బూరుగు నాలిక దురద పెట్టింది. చెప్పకుండా ఎలా ఉండటం? అయినా ఉగ్గబట్టుకుంది.

దోనె దగ్గరికొచ్చేసరికి నాంచారయ్యే మర్చిపోయి అరిచాడు. "పట్టుకున్నావా?"

జవాబు గొంతుదాకా వచ్చింది. నోరు తెరవడానికి లేదు. పాపం ఆ మాట వెనక్కి తిరిగి, వీపు దాటి, నడుం దాటి, తోకలోకి దూరింది. తోక టపటపా నీళ్ళని కొట్టింది!

నాంచారయ్య బాతుని అందుకున్నాడు. "ఓర్నీ! తోకతో చెప్పిందిరో!" అని సంతోషం పట్టలేక రెండు చేతులూ చరిచాడు.

బాతు తుర్రుమంది. "వస్తా మావా!"

బూరుగు ఆయన మొహంలోకి చూసింది. అనాలంటే బోలెడుంది. ఏమీ అనలేదు. తోక ఊపింది. మాటకన్నా ఇదే హాయిగా ఉంది దానికి.

అప్పటినుంచే కుక్కలన్నీ మాటలు మానేసి, ఏం చెప్పాలన్నా తోకతోనే చెప్తున్నాయి.

ఆవేళ నాంచారయ్య తన ఖాళీ చేతులు చూసుకుని, పడీపడీ నవ్వి, బూరుగుతో అన్న మాట ఇదీ:

"పోతే పోయిందిలేవే, దోనెక్కు!"