పైడయ్య పెట్టిన గులకరాళ్ళు

నేను చెబుతాను, మీరు ఊకొట్టండి. ఊకొట్టడం ఆపారంటే కథ నడవనని అక్కడే చతికిలబడుతుంది. ఇదివరకు అలా జరిగింది.

మన తాతల తాతలకి ఇంకా మూతిమీద మీసం మొలవని కాలం. అప్పుడు గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు ఒడ్డున, గెడ్డవలస అని చిన్న ఊరు. ఎంత చిన్నదంటే, ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనేవారు. గెడ్డకి అవతల, రెండు కొండలు దాటితే పెదకోట. అది పెద్ద ఊరు, డబ్బున్న ఊరు. పెదకోటలో రోజూ బజారే. గెడ్డవలసకి మాత్రం వారానికొక్క సంత. ఆ సంతతోనే ఆ ఊరు బతికేది.

ఆ గెడ్డవలసలో పైడయ్య అని ఒక చీపుళ్ళవాడు ఉండేవాడు. ఎడమకాలు పుట్టుకతోనే వంకర. కొండమీద చీపురుగడ్డి కోసుకొచ్చేది పెళ్ళాం నూకాలు, కట్టలు కట్టేది పైడయ్య. వారమంతా కడతాడు, సంతరోజు అమ్ముతాడు, సాయంత్రానికి ఇంత ఉప్పూ ఇంత చేపా కొనుక్కుని ఇంటికి పోతాడు. ఇంకేం కావాలి అనేవాడు. నిజంగానే అతనికి ఇంకేమీ అక్కర్లేదు. అలాంటివాళ్ళు ఊరికొక్కరు ఉంటారు, వాళ్ళని చూస్తే మనకి కాస్త ఒళ్ళు మంటగా కూడా ఉంటుంది.

ఏటా కోతలయ్యాక రెండు ఊళ్ళకీ కర్రాబిళ్ళ పోటీ. మీకు తెలిసిందే. చిన్న బిళ్ళని కర్రతో పైకి లేపి, గాలిలో ఉండగానే ఒక్క దెబ్బ కొట్టాలి. అది ఎంత దూరం పడితే అన్ని కర్రలు కొలుస్తారు. నేలమీద పడకముందే అవతలివాడు పట్టేశాడా, ఆ దెబ్బ లెక్కలోకి రాదు, కొట్టినవాడు ఇంటికి పోవాలి. పట్టేవరకూ కొడుతూనే ఉండొచ్చు. ఒక్కో ఊరికి ముగ్గురు కొట్టేవాళ్ళు.

ఆట గెడ్డవలస బీడులో. బీడు చివర ముళ్ళపొదల రేగుడొంక. బిళ్ళలు ఎటెటో పోయేవి. చింతచేవతో చేసిన బిళ్ళ ఊరికే పారేసుకుంటామా? ఏరుకురావడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి పైడయ్య. దానికి ఆటరోజున కడుపునిండా భోజనం పెట్టేవారు.

బిళ్ళ పడేది. పైడయ్య కుంటుకుంటూ వెళ్ళేవాడు, ఏరుకొచ్చేవాడు, పడినచోట ఒక గులకరాయి పెట్టేవాడు. ఎందుకంటారా? కాలు నొప్పి. కొట్టేవాడికి చేతివాటం ఒకటి ఉంటుంది, మళ్ళీ ఇంచుమించు అక్కడే కొడతాడు. రాయి ఉంటే వెతుకులాట తగ్గుతుంది. అంతే. మనిషికొక రంగు రాయి. ఇరవై ఏళ్ళు అలా ఏరాడు, ఇరవై ఏళ్ళు అలా పెట్టాడు. అతను ఏం చేస్తున్నాడని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా పెదకోట వాళ్ళకి ఆ సంతమీద కన్నుపడింది. వరసగా మూడేళ్ళు మేం గెలిస్తే సంత మాది, పెదకోటలో పెట్టుకుంటాం, సరేనా అన్నారు. గెడ్డవలస పెద్దలు మీసం మెలేసి సరేనన్నారు. మీసం మెలేసినప్పుడు మనిషికి చెవులు పనిచెయ్యవు.

మొదటి ఏడు పెదకోట వాళ్ళు గంగుల్ని కొనుక్కొచ్చారు. అతను అంతకుముందు ఇంకో చిన్న ఊరి తరఫున ఆడేవాడు. పెంకుటిల్లు ఇచ్చారు, పాడిగేదె ఇచ్చారు, పట్టు తలపాగా ఇచ్చారు. గెడ్డవలస ఓడిపోయింది. రెండో ఏడు కొండుని అలాగే తెచ్చుకున్నారు. పెంకుటిల్లు, పాడిగేదె, పట్టు తలపాగా. మళ్ళీ ఓడిపోయింది. మూడో ఏడు ఆటకి నెలరోజులుందనగా గెడ్డవలసలోకే వచ్చి, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన సన్నెయ్యనే అడిగారు. పెంకుటిల్లు, పాడిగేదె, పట్టు తలపాగా. సన్నెయ్య తల్లికి కురుస్తున్న పూరిల్లు తప్ప ఏమీ లేదు. పాపం, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సంత పోతుందన్న మాట విని పైడయ్యకి మొదటిసారి అన్నం సయించలేదు. పెదకోటకి అంత దూరం చీపుళ్ళ మోపు ఎలా మొయ్యడం? గెడ్డలో నడుములోతు నీళ్ళు. ఆ కాలుతో ఒక్కసారి దిగితే మళ్ళీ లేవడం కల్ల. సంత పోతే చీపురు పోతుంది, చీపురు పోతే ఉప్పూ చేపా పోతాయి. నూకాలు మొహంలోకి చూడలేక గడ్డికట్టకేసి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి నాయుడుగారి ఇంటికి చీపుళ్ళు పట్టుకెళ్ళాడు. లచ్చుమునాయుడు ఊరికి పెద్ద, ఆటకీ పెద్ద. అరుగుమీద తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"బాబూ, నానొక మాట సెప్తాను, కోప్పడకండి" అన్నాడు పైడయ్య. "ఒక్కసారి బీడుకి రండి."

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. గెడ్డవలసలో పొలం వాటా ఉన్నట్టే, బీడులో బిళ్ళ పట్టడానికి నిలబడే చోటు కూడా ఇంటికొక వాటా. తాత నిలబడ్డచోట తండ్రి, తండ్రి నిలబడ్డచోట కొడుకు. నాయుడుగారింటిది అందరికంటే ముందు, ఒక చప్టా రాయిమీద. రెండు బారలు పక్కకి జరిగారని ఒకసారి రెండు ఇళ్ళ మధ్య ఆరేళ్ళు మాటల్లేవు. చూపు ఆనని ముసలాయన ఒకాయన కూడా తన వాటా పోతుందని ఏటా వచ్చి నిలబడేవాడు. ఒకసారి బిళ్ళ సరిగ్గా ఆయన చేతుల్లో పడితే, ఎవరో పెసాదం పెట్టారనుకుని కళ్ళకద్దుకుని పక్కవాడికి ఇచ్చాడట.

పైడయ్యకి బీడులో వాటా లేదు. అందుకే అతనికి బీడంతా కనిపించింది.

కుంటుకుంటూ ముందు నడిచాడు, నాయుడు వెనక నడిచాడు. ఒకచోట తెల్లరాళ్ళు గుట్టగా ఉన్నాయి. కొండువి అన్నాడు పైడయ్య. కొండు ఆకాశానికి కొడతాడు, అది సూర్యుడి కంట్లోంచి దిగి ఇక్కడే పడుతుంది. ఇంకోచోట నల్లరాళ్ళు, గంగులువి. గంగులు నేలబారున కొడతాడు. మూడోచోట, రేగుడొంకలో, ఎర్రరాళ్ళు. అవి సన్నెయ్యవి. పాతవాళ్ళ రాళ్ళు అక్కడక్కడా చెదిరి ఉన్నా, ఈ ముగ్గురివీ మాత్రం మూడే గుట్టలు.

తర్వాత పైడయ్య నాయుణ్ణి చప్టా రాయి దగ్గరికి తీసుకొచ్చాడు. చుట్టూ చూపించాడు.

"మీ తాతగారు నిలబడ్డ కాడ ఒక్క రాయైనా నేదు బాబూ."

నాయుడికి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు వచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. మూడు తరాలు ఎండలో ఊరికే నిలబడ్డాం గదరా అనుకున్నాడు. అయితే ఎవరిని పెట్టాలి అని అడిగాడు.

పైడయ్య చెప్పిన పేర్లు వింటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. తెల్లరాళ్ళ దగ్గర గవరయ్యని పెట్టమన్నాడు. గవరయ్య ఇళ్ళకి పెంకులు నేసేవాడు. కిందనుంచి విసిరే పెంకుల్ని ఇంటికప్పు మీద నిలబడి అందుకోవడం అతని పని. ఆటంటే ఆమడదూరం పారిపోతాడు. నల్లరాళ్ళ దగ్గర చుక్కమ్మని పెట్టమన్నాడు. చుక్కమ్మ సంతలో కోళ్ళమ్మేది. గంప మూత తీసినప్పుడు దూకి పారిపోయిన కోడిని నేలబారునే ఒడిసి పట్టేది. ఆ చేతిలోంచి ఒక్క పుంజు తప్పించుకున్నట్టు ఎవరూ చూడలేదు.

మరి ఎర్రరాళ్ళ దగ్గర ఎవరని అడిగారు.

"అక్కడ ముళ్ళు" అన్నాడు పైడయ్య. "ఎవులు నిలబడతామంటే ఆలే."

ఎవరూ అనలేదు.

ఆటరోజు వచ్చింది. పెదకోట వాళ్ళు బళ్ళు కట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ దిగారు. ముందు గెడ్డవలస ఆడింది. ముగ్గురూ కిందామీదా పడి కొడితే మొత్తం నూరు కర్రలయ్యాయి. పెదకోట వాళ్ళు నవ్వారు. వాళ్ళ గంగులు ఒక్కడే అంత కొట్టేవాడు.

తర్వాత గెడ్డవలస వాళ్ళు వాటాల్లో నిలబడకుండా, రాళ్ళున్న చోట్లకి వెళ్ళారు. చుక్కమ్మ కొంగు బిగించి వంగుని నిలబడింది. ఆడదానితో ఆటేమిటని పెదకోట వాళ్ళు గొడవ చేశారు. తీర్పరిగా వచ్చిన పొరుగూరి పెద్దమనిషి గెడ్డం నిమురుకుని, బిళ్ళకి ఆడా మగా తేడా తెలుస్తుందా అన్నాడు. గొడవ ఆగింది.

మొదట కొండు. ఆకాశానికి కొట్టాడు. బిళ్ళ సూర్యుడిలోకి పోయింది. అందరూ కళ్ళు చికిలించారు. గవరయ్య మాత్రం పెంకు కోసం చూసినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు, రెండో చెయ్యి చాపాడు, బిళ్ళ అందులో పడింది. అతను అలవాటుకొద్దీ దాన్ని పక్కన పేర్చబోయాడు.

రెండోవాడు గంగులు. మొదటి దెబ్బకి బిళ్ళ చుక్కమ్మ వేళ్ళకి తగిలి జారిపోయింది. అరవై కర్రలు కొలిచారు. ఇదేటి, కోడికి ఈకలుంటాయి, దీనికి నేవు అని చుక్కమ్మ చీర మట్టి దులుపుకుంది. రెండో దెబ్బకి ముందుకు దూకి రెండు చేతులతో ఒడిసి పట్టింది.

మూడోవాడు సన్నెయ్య. పెదకోటకి ఇంకా నలభై కర్రలు దాటితే చాలు. సన్నెయ్య నిద్రమత్తులో కొట్టినా ఎనభై. అంటే ఒక్కటే దెబ్బ. ఆ ఒక్క దెబ్బలో సంత ఉంది, పైడయ్య ఉప్పూ చేపా ఉన్నాయి. డొంక దగ్గర ఎవరూ లేరు.

పైడయ్య డొంక పక్కన నిలబడి సన్నెయ్య చేతులకేసి చూశాడు. చిన్నప్పటినుంచీ వాడి బిళ్ళలు ఏరినవాడు. మనసు బాగుంటే వాడు కాస్త నేరుగా కొడతాడు, మనసు బాగోకపోతే మణికట్టు ఎడమకి తిరుగుతుంది, బిళ్ళ డొంక లోపలికి పోతుంది. ఇవాళ సొంత ఊరికి ఎదురు నిలబడ్డాడు. మనసు ఎలా బాగుంటుంది?

"లోపలికే బాబూ" అని కేకేశాడు పైడయ్య నాయుడికి. "బాగా లోపలికి."

నాయుడు మాత్రం ఇంకా చప్టా రాయి మీదే నిలబడి ఉన్నాడు. తాత పాదాలు అరగదీసిన రాయి. ఊరంతా తనకేసే చూస్తోంది. ఏమనుకున్నాడో, ఒక్కసారి రాయి దిగి, తలపాగా బిగించి, రేగుడొంకలోకి నడిచాడు. బట్టలు పట్టుకున్నాయి ముళ్ళు. జుట్టు పట్టుకున్నాయి. అయినా ఎర్రరాళ్ళు కాళ్ళకి తగిలేదాకా వెళ్ళి చేతులెత్తాడు.

సన్నెయ్య కొట్టాడు. బిళ్ళ ఎడమకి తిరిగి డొంకలోకి పోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

నేలమీద పడింది, పడ్డాక ఏరుకుని పట్టానంటాడు చూడండి అని పెదకోట వాళ్ళు మొదలెట్టారు. డొంకలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు? తీర్పరి తానే వెళ్ళి చూశాడు. చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయుడి రెండు చేతులూ ఆకాశంలో ఉన్నాయి, గుప్పిట్లో బిళ్ళ ఉంది. చొక్కా రెండు చేతులూ కొమ్మలకి చిక్కుకున్నాయి, పంచె నాలుగుచోట్ల చిక్కుకుంది. వంగడం మాట అటుంచి మనిషి తల కూడా తిప్పలేడు. వంగి ఏరుకోవడానికి ముళ్ళు ఈయన్ని వదిలితే గదా అన్నాడు తీర్పరి. కత్తులు తెచ్చి కొమ్మలు నరికి నాయుణ్ణి బయటికి తీశారు.

అరవైకి అరవయ్యే, నూరుకి నూరే. సంత గెడ్డవలసలోనే ఉండిపోయింది.

సన్నెయ్య కర్ర కింద పెట్టి నేరుగా పైడయ్య దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి, పెదాలమీద నవ్వూ ఉంది.

"తాతా, నా బిళ్ళ ఎక్కడ పడతాదో నాకే తెలీదు. నీకెలాగ తెలిసింది?"

"కొట్టింది నువ్వురా" అన్నాడు పైడయ్య. "ఏరింది నాను."

నాయుడు రక్తం తుడుచుకుంటూ వచ్చి, ఇకనుంచి చప్టా రాయి నీ వాటా అన్నాడు. పైడయ్య సిగ్గుపడ్డాడు. నాకు డొంకే బాగుంది బాబూ, ఎప్పటిలాగే భోజనం పెట్టించండి చాలు అన్నాడు. పెట్టారు. ఆ వారం సంతలో చీపుళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఉప్పు కొన్నాడు, చేప కొన్నాడు, నూకాలుకి మొదటిసారి గాజులు కొన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏరాడు. ఒక వానాకాలం, చీపురుకట్ట సగం కట్టి పక్కన పెట్టి, కాస్సేపు పడుకుంటానని పడుకుని మళ్ళీ లేవలేదు. ఊళ్ళో ప్రతి ఇల్లూ అతన్ని బీడులో తన వాటాలో సమాధి చేస్తానంది. అతను అన్నమాట తలుచుకుని డొంక పక్కనే పెట్టారు. పెదకోటనుంచి సన్నెయ్య గెడ్డ దాటి వచ్చాడు. తలపాగా విప్పి, అందులో మూటగట్టి తెచ్చిన ఎర్రరాళ్ళు అక్కడ పోసి, చాలాసేపు కూర్చుని వెళ్ళాడు.

ఇప్పటికీ ఆ సంతకి వచ్చినవాళ్ళు ముందు ఒక చీపురు కొంటారు, ఇంట్లో పది ఉన్నా సరే. ఇప్పటికీ ఆట మొదలయ్యేముందు ఊరిపెద్ద డొంకలోకి వెళ్ళి, చేతులెత్తి కాస్సేపు నిలబడి, గీసుకుపోయిన చేతులు అందరికీ చూపిస్తాడు. ఆ బీడులో ఇప్పుడు ఎవరికీ నిలబడే వాటా లేదు.

ఇక పిల్లలు. బిళ్ళ కనబడకపోతే, "పైడయ్య తాతా, ఎక్కడ?" అని అడిగి, కళ్ళు మూసుకుని మూడు లెక్కపెట్టి వెతుకుతారు. దొరుకుతుంది. దొరక్కపోతే ఇంకోసారి అడుగుతారు. దొరికినచోట ఒక గులకరాయి పెట్టి, అప్పుడు ఆటకి పోతారు.